కంచు వీధి నుంచి మంచు ఇంటికి



మే నెల మధ్యాహ్నం హైదరాబాద్ అబిడ్స్ ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. ఫుట్‌పాత్ రాళ్లు కాలుతుంటాయి. దుకాణం షట్టరు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. చెరకురసం బండి దగ్గర తప్ప ఎక్కడా మనుషులు నిలబడరు. నీడలోనే 40 డిగ్రీలు దాటిన అలాంటి రోజున, మా గన్‌ఫౌండ్రీకి మూడు కిలోమీటర్లు అటూ ఇటూగా ఒక పెద్ద హాలులో, సున్నాకు ఐదు డిగ్రీల దిగువన, మంచు కురుస్తూ ఉంటుంది. లోయర్ ట్యాంక్‌బండ్ రోడ్డులో ఇందిరా పార్కు దగ్గరున్న స్నో వరల్డ్ సంగతి చెబుతున్నాను. దాన్ని 2004లో తెరిచారు. అప్పట్లో అమ్మానాన్నల వేలు పట్టుకుని వెళ్లిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని చంకనెత్తుకుని వస్తున్నారు.

ఈ వేసవి సెలవుల్లో మా ఇంటిల్లిపాదీ అక్కడికి వెళ్లాం. నేనూ, మా ఆవిడా, కొడుకూ కోడలూ, ఇద్దరు మనవలు. నేను కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. అందుకని ఈ ప్రసంగంలో అక్కడక్కడా పాఠం వాసన వస్తుంది. ఓపిక పట్టండి, పరీక్ష మాత్రం పెట్టను.

ముందు మేం బయల్దేరిన చోటు గురించి రెండు మాటలు. గన్‌ఫౌండ్రీ అంటే ఇవాళ బ్యాంకు గుర్తొస్తుంది, ఆడపిల్లల బడులు గుర్తొస్తాయి, సెయింట్ జోసెఫ్ కెథడ్రల్ గుర్తొస్తుంది. ఎల్.బి. స్టేడియంలో ఏదైనా సభ ఉంటే ట్రాఫిక్ గుర్తొస్తుంది. ఆ పేరు తెచ్చిపెట్టిన కార్ఖానాను మాత్రం పట్టించుకునేవాళ్లు తక్కువ. రెండో నిజాం, నిజాం అలీఖాన్ కొలువులో రేమండ్ అనే ఫ్రెంచి సేనాని ఉండేవాడు. 1786 ప్రాంతంలో ఆయన ఇక్కడ ఫిరంగులు పోతపోసే కార్ఖానా పెట్టించాడు. పాతబస్తీ పెద్దలు దాన్ని తోప్ కా సాంచా అనేవారు. రేమండ్ 1798లో చనిపోయాడు. అదే సంవత్సరం ఇంగ్లీషువాళ్లు ఆయన పెంచిన ఫ్రెంచి దళాన్ని రద్దు చేయించారు. మలక్‌పేట వైపు ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి ఉంది. మూసారాంబాగ్ పేరులో ఉన్న మూసారాం ఆయనే, మన జనం నోట్లో పడి అట్లా మారాడు.

ఆ కార్ఖానాలో చేసిన పని ఏమిటి? లోహాన్ని కరిగించి, అచ్చులో పోసి, గడ్డకట్టనివ్వడం. ఆ కాలంలో మేలైన ఫిరంగులను ఎక్కువగా కంచుతో పోసేవారు. కంచు కరగాలంటే 900 నుంచి 1000 డిగ్రీల దాకా వేడి కావాలి. మంచు ఇంట్లో జరిగేదీ గడ్డకట్టడమే. కంచు వెయ్యి డిగ్రీల దగ్గర గడ్డకడితే నీళ్లు సున్నా దగ్గర గడ్డకడతాయి. రెండింటికీ ఒక తేడా ఉంది. కంచు గడ్డకడుతూ కుంచించుకుపోతుంది. అందుకే పోతపనివాళ్లు ఆ లోటు పూడ్చడానికి అచ్చు పైభాగాన అదనంగా లోహం నిలిచే చోటు వదులుతారు. నీళ్లు మాత్రం గడ్డకడుతూ దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోయిన సీసా పగిలేది అందుకే. గ్లాసులో ఐసు ముక్క తేలేదీ అందుకే.

ఇక ప్రయాణం. మా ఆవిడ మొదట రానంది. "నా మోకాళ్లకు చలి పడది, మీరు పోయిరాండ్రి" అని తేల్చేసింది. రెండో తరగతి మనవడు చెప్పులు విప్పేసి గుమ్మంలో కూర్చున్నాడు. "నువ్వు రాకుంటే నేను గూడ రాను నానమ్మా" అన్నాడు. దాంతో ఆమె అలమార తెరిచి శాలువా తీసింది. మే నెలలో శాలువా కప్పుకుని వచ్చిన మనిషిని చూసి ఆటో డ్రైవర్ "ఏమైంది పెద్దమ్మా, జరమొచ్చిందా?" అని అడిగాడు. ఉస్మానియా దవాఖానకు పోవాలేమో అనుకున్నట్టున్నాడు. రెండు ఆటోలు మాట్లాడుకుని బషీర్‌బాగ్, లిబర్టీ మీదుగా దిగువ రోడ్డుకు వచ్చాం. పైన హుస్సేన్‌సాగర్ కట్ట, కింద మేం. దారిలో కట్టమైసమ్మకు మా ఆవిడ ఆటోలోంచే దండం పెట్టుకుంది.

లోపలికి వెళ్లేముందు అందరికీ దళసరి కోటు, చేతి తొడుగులు, బూట్లు ఇస్తారు. వెళ్లేవాళ్లు ఇంటి నుంచి మందపాటి సాక్సులు తెచ్చుకుంటే మంచిది. చీర కుచ్చెళ్లు బూట్ల కింద పడతాయి కనుక ఆడవాళ్లకు సల్వారే హాయి. ఉబ్బసం ఉన్నవాళ్లు, గుండె జబ్బుకు మందులు వాడేవాళ్లు డాక్టరును అడిగి వెళ్లాలి. చలిగాలి ఒక్కసారిగా తగిలితే చర్మం దగ్గరి రక్తనాళాలు బిగుసుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది. అందుకే అలాంటి చోట్ల మధ్యలో ఒక చల్లటి గది కడతారు. మనిషి ఒళ్లు కాస్త అలవాటు పడటం ఒక ప్రయోజనం. రెండోది, మన వెంట వచ్చే తేమగాలిని అక్కడే ఆపడం. ఆ తేమ నేరుగా లోపలికి పోతే యంత్రాల గొట్టాల మీద తెల్లగా పేరుకుని, చల్లదనానికే అడ్డు తగులుతుంది.

చివరి తలుపు తెరుచుకుంది. అంతా తెలుపు. మంచుతో చేసిన ఎలుగుబంటి, పెంగ్విన్లు, ఇగ్లూ, పిల్లలు జారే వాలు. మనవడు రెండడుగులు వేసి ఆగిపోయాడు. "తాతా, నా నోట్లకెళ్లి పొగ వస్తున్నది!" అన్నాడు. ఊపిరిలోని ఆవిరి చల్లబడి సన్నటి నీటి బిందువులైతే అట్లా కనబడుతుందని చెప్పబోయాను. వాడు అప్పటికే పొగ వదలడంలో అక్కతో పందెం వేసుకున్నాడు. మా ఆవిడ శాలువా మీద కోటు, కోటు మీద మళ్లీ చేతులు కట్టుకుని నిలబడింది. "పైసలిచ్చి వణుకుడేందండీ!" అంది. నా దగ్గర జవాబు లేదు.

కాసేపటికి ఆమె వంగి రెండు గుప్పిళ్ల మంచు తీసింది. ఉండ చేద్దామని చూస్తే పొడిపొడిగా రాలిపోయింది. కోడలు ప్రయత్నించినా అంతే. అప్పుడు మా ఆవిడ ఒక చేతి తొడుగు తీసేసి, ఒట్టి చేత్తో, లడ్డూ కట్టేటప్పుడు బూందీని అదిమినట్టు అదిమింది. ఉండ కట్టింది. "చెయ్యి వేడి తగలాలె" అని మనవరాలికి చూపించింది. నేను పాతికేళ్లు పాఠం చెప్పిన విషయమే అది. బాగా చల్లగా ఉన్న మంచులో నీటి తడి ఉండదు, కాబట్టి రేణువులు అంటుకోవు. సున్నా దగ్గరికి వస్తే రేణువుల అంచులు కొద్దిగా కరిగి, మళ్లీ గడ్డకట్టి, ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మంచుబొమ్మలు చేసేవాళ్లు మొట్టమొదట నేర్చుకునే పాఠం ఇదే.

ఇగ్లూలో దూరిన పిల్లలు అక్కడ చలి తక్కువగా ఉందన్నారు. అది ఉత్త భ్రమ కాదు. మంచు రేణువుల మధ్య బోలెడు గాలి చిక్కుకుని ఉంటుంది. ఆ గాలి వేడిని దాటనివ్వదు. నలుగురు లోపల కూర్చుంటే వాళ్ల ఒంటి వేడి వాళ్ల చుట్టూనే నిలుస్తుంది. గడ్డకట్టిన నీళ్లతో గోడ కట్టుకుని వెచ్చగా ఉండటం ఉత్తర ధ్రువం దగ్గర బతికే ఇనూయిట్ జనం కనిపెట్టిన ఉపాయం.

తర్వాత దీపాల రంగు మార్చి, పాట పెట్టి, పైనుంచి మంచు కురిపించారు. పిల్లలూ పెద్దలూ కేకలు. ఆ సందడిలోనే మనవరాలు నా కోటు లాగి అడిగింది: "ఇంత చలి ఎక్కడికెళ్లి తెస్తరు తాతా?"

ఆరో తరగతి పిల్ల అడిగిన ఈ ప్రశ్నే నా ఇవాళ్టి ప్రసంగం. చలిని ఎక్కడినుంచీ తేలేం. చలి అనే సరుకు లేదు. ఉన్నది వేడి ఒక్కటే. దాన్ని ఒకచోట నుంచి తీసి ఇంకోచోట పారబోస్తే, తీసిన చోటును మనం చల్లన అంటాం.

ఇంటికి వచ్చాక ఆ పిల్లను బాల్కనీలో ఏసీ బయటి పెట్టె ముందు నిలబెట్టాను. ముఖానికి వేడిగాలి కొట్టింది. "ఇది మన గదిలోనిదే" అన్నాను. గొట్టాల్లో తిరిగే ద్రవం గదిలో ఆవిరవుతూ వేడిని పీల్చుకుంటుంది. బయటికి వచ్చాక కంప్రెసరు దాన్ని నొక్కితే మళ్లీ ద్రవమవుతూ ఆ వేడిని వదిలేస్తుంది. కంప్రెసరు తిరగడానికి వాడిన కరెంటు కూడా చివరకు వేడే అవుతుంది. అందుకే గదిలోంచి తీసినదానికంటే వీధిలోకి వదిలే వేడి ఎప్పుడూ ఎక్కువే. మంచు ఇంటికీ ఇదే లెక్క, కాకపోతే అక్కడ యంత్రాలు పెద్దవి.

నీళ్లను గడ్డకట్టించడానికి ఎంత వేడి తీయాలి? సున్నా డిగ్రీల దగ్గరున్న ఒక గ్రాము నీటిని, సున్నా దగ్గరే ఐసుగా మార్చాలంటే 80 కేలరీలు లాగేయాలి. అదే వేడిని మళ్లీ సున్నా దగ్గరున్న ఒక గ్రాము నీళ్లకు ఇస్తే 80 డిగ్రీల దాకా కాగుతాయి. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ కూడా మారకుండా ఇంత వేడి పోవడమే గడ్డకట్టడంలోని విచిత్రం. ఇక లోపలికి వచ్చే మనుషుల సంగతి. ఊరికే నిలబడిన మనిషి ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. అంటే వందమంది లోపలికి వెళ్తే పది కిలోవాట్ల హీటరు పెట్టినట్టే. టికెట్టు కొని లోపలికి వెళ్లే మనమే ఆ మంచుకు మొదటి శత్రువులం.

ఆ సాయంత్రం, చలిలో వణికి బయటపడ్డ పిల్లలు అడిగిందేమిటో తెలుసా? ఐస్‌క్రీం. కోడలు నెత్తి కొట్టుకుంది. మొజంజాహీ మార్కెట్‌కు వెళ్లాం. 1935లో కట్టిన ఆ రాతి మార్కెట్‌కు ఏడో నిజాం రెండో కొడుకు పేరు పెట్టారు. అక్కడి ఐస్‌క్రీం దుకాణాల ముందు బల్లల మీద కూర్చుని సీతాఫలం, మామిడి రుచులు తినని హైదరాబాదీ కుటుంబం అరుదు. చేత్తో తిప్పే పాత పద్ధతిలో ఐస్‌క్రీం చేసేవాళ్లు చెక్క బకెట్టులో ఐసు ముక్కలు వేసి, మీద గళ్లుప్పు చల్లి, మధ్యలో పాల డబ్బా పెట్టి తిప్పుతారు. ఉప్పు తగిలిన ఐసు సున్నా దగ్గర నిలవలేదు, కరుగుతుంది. కరగడానికి కావలసిన వేడిని పక్కనున్న పాలలోంచి లాక్కుంటుంది. సరైన పాళ్లలో కలిపితే ఆ ఉప్పు ఐసు మైనస్ 21 డిగ్రీల దాకా దిగగలదు. కరెంటు లేకుండా, కంప్రెసరు లేకుండా, స్నో వరల్డ్ కంటే ఎక్కువ చల్లదనం ఒక చెక్క బకెట్టులో.

ఉప్పు మాటెత్తాను కనుక ఇంకో ఉప్పు గురించి చెప్పాలి. సురేకారం. పెట్లుప్పు అని కూడా అంటారు. తుపాకీమందులో ముఖ్యమైన పాలు దానిదే. రేమండ్ పోయించిన ఫిరంగుల్లో మందు పేలిందంటే సురేకారం బలమే. అదే సురేకారాన్ని నీళ్లలో వేస్తే, కరుగుతూ చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటుంది. అక్బర్ కొలువులో తాగునీళ్లను అట్లాగే చల్లబరిచేవారు. సురేకారం కలిపిన నీళ్లలో, మూతి బిగించిన నీటి కూజాను తిప్పుతూ ఉండేవారు. అబుల్ ఫజల్ ఆయిన్-ఇ-అక్బరీలో ఈ పద్ధతిని వివరంగా రాశాడు. ఫిరంగి మందులో మంట పుట్టించేదే ఇక్కడ నీళ్లను చల్లబరుస్తోందన్న సంగతి ఆయన కూడా గమనించాడు. ఆస్థానం పంజాబుకు వెళ్లాక ఉత్తరపు కొండల నుంచి మంచు, ఐసు తెప్పించుకోవడం మొదలైందని కూడా ఆ పుస్తకంలో ఉంది.

మైదానంలో ఐసు చేసే విద్య కూడా మనవాళ్లకు ఉండేది. 1775లో రాబర్ట్ బార్కర్ అనే ఇంగ్లీషు అధికారి దాని గురించి లండన్ రాయల్ సొసైటీ పత్రికలో రాశాడు. అలహాబాద్ వైపు చలికాలపు రాత్రుల్లో, లోతు తక్కువ గుంటలు తవ్వి, అడుగున ఎండు చెరకాకో చొప్పో మందంగా పరిచి, దాని మీద పలుచటి మట్టి మూకుళ్లలో నీళ్లు పోసి ఉంచేవారు. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి ఆడకపోతే, తెల్లవారేసరికి మూకుట్లో ఐసు పొర తేలేది. గాలి ఇంకా సున్నాకు దిగకముందే నీళ్లు గడ్డకట్టేవి. ఎట్లా? అడుగున ఉన్న చొప్ప నేల వేడిని పైకి రానివ్వదు, నీటి వేడి తెరిపి ఆకాశంలోకి వెళ్లిపోతుంది. ఆ రాత్రుల్లో వేడిని పారబోసింది ఎవరి ముఖాన? ఎవరి ముఖానా కాదు. నేరుగా అంతరిక్షంలోకి. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో అవసరం పడుతుంది.

ఆ తర్వాత ఐసు ఓడలెక్కి వచ్చింది. అమెరికాలోని బోస్టన్‌లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి చలికాలంలో చెరువుల మీది ఐసును కోయించి, రంపపు పొట్టులో కప్పి, దూరదేశాలకు పంపేవాడు. 1833లో ఆయన ఓడ ఒకటి సుమారు 180 టన్నుల ఐసుతో బయల్దేరి నాలుగు నెలల తర్వాత కలకత్తా చేరింది. దారిలో కరిగింది కరగగా దాదాపు 100 టన్నులు మిగిలింది. మద్రాసు సముద్రతీరాన 1842లో ఐసు దాచడానికి గుండ్రటి గోడల ఇల్లు కట్టారు. మన కోస్తా జిల్లాలన్నీ అప్పుడు మద్రాసు రాజధాని కిందే ఉండేవి. యంత్రాల ఐసు వచ్చాక ఆ వ్యాపారం మూతబడింది, ఇల్లు చేతులు మారింది. 1897లో పడమటి దేశాల నుంచి తిరిగొచ్చిన వివేకానందుడు బస చేసింది ఆ ఇంట్లోనే. ఇప్పుడది వివేకానంద ఇల్లం. ఆ పేటను మాత్రం ఇప్పటికీ ఐస్‌హౌస్ అనే పిలుస్తారు.

ఆ వ్యాపారం మన ఇళ్లలో ఇంకో ఆనవాలు వదిలింది. ఏసీ కొనడానికి అబిడ్స్‌లో ఏ దుకాణానికి వెళ్లినా "టన్నా, టన్నున్నరా?" అని అడుగుతారు. అది పెట్టె బరువు కాదు. ఒక టన్ను, అంటే 2000 పౌండ్ల ఐసు ఇరవైనాలుగు గంటల్లో కరిగితే ఎంత వేడి పీల్చుకుంటుందో, అంత వేడిని లాగగల శక్తి. కిలోవాట్లలో సుమారు మూడున్నర. గోడకు తగిలించిన టన్నున్నర ఏసీ రోజంతా నిండు శక్తితో నడిస్తే, రోజూ దాదాపు 1360 కిలోల ఐసు మోసుకొచ్చి గదిలో కరిగించినంత పని చేస్తుంది.

ఇక ఐసుతో శిల్పం చెక్కే పని. మంచుబొమ్మ వేరు, ఐసుశిల్పం వేరు. స్నో వరల్డ్‌లో చూసేవి ఎక్కువగా మంచును అదిమి చేసినవి. ఐసుశిల్పం పారదర్శకమైన దిమ్మ నుంచి పుడుతుంది. మన ఐసు ఫ్యాక్టరీల్లో ఇనుప డబ్బాల్లో నీళ్లు పోసి, చల్లటి ఉప్పునీటి తొట్టిలో దించుతారు. అన్ని వైపుల నుంచీ గడ్డకట్టుకుంటూ వస్తుంది. నీటిలో ఉన్న గాలి, మలినాలు లోపలికి నెట్టబడి చివరకు నడుమ చిక్కుకుంటాయి. అందుకే బండి మీద వెళ్లే ఐసు దిమ్మకు నడుమ తెల్లటి పొడ కనిపిస్తుంది. చేపలకూ సోడాబండికీ ఆ దిమ్మ చాలు. శిల్పానికి పనికిరాదు.

శిల్పి కోరే దిమ్మను కింది నుంచి మాత్రమే గడ్డకట్టిస్తారు. పైన నీళ్లను చిన్న మోటారుతో కదుపుతూ ఉంటారు, బుడగలు అంటుకోకుండా. మూడు నాలుగు రోజులకు అద్దంలాంటి దిమ్మ తయారవుతుంది, బరువు 135 కిలోలకు అటూ ఇటూ. పైన మిగిలిన మురికి నీళ్లను తోడేస్తారు. ఆ దిమ్మను ముందు రంపంతో కోసి, తర్వాత ఉలితో, తిరిగే ముళ్లతో చెక్కుతారు. రెండు దిమ్మలు అతకాలంటే వేడి చేసిన అల్యూమినియం పలకతో రెండు ముఖాలనూ సమంగా కరిగించి, తడి ఆరకముందే ఆనిస్తారు. వేరే జిగురు అక్కర్లేదు. పెద్ద పెళ్లిళ్లలో భోజనాల హాలులో ఐసు హంస కనిపిస్తుందే, దాని మెడను శిల్పి కావాలనే లావుగా చెక్కుతాడు. అతిథులు వచ్చేలోగా మెడే ముందు కరుగుతుందని అతనికి తెలుసు. రాతిశిల్పి ఉన్నది చెక్కుతాడు. ఐసుశిల్పి రెండు గంటల తర్వాత ఉండబోయేది చెక్కుతాడు.

ఈ పనికి రాజధాని చైనాలోని హార్బిన్. అక్కడ సోంగ్‌హువా నది మీద చలికాలంలో ఐసు కోసి బురుజులు, గోపురాలు కడతారు. 1963లో ఐసు దీపాల ప్రదర్శనగా మొదలై, మధ్యలో ఆగి, 1985 నుంచి పెద్ద ఉత్సవంగా నడుస్తోంది. జపాన్‌లోని సప్పోరోలో 1950లో బడిపిల్లలు ఒక పార్కులో ఆరు మంచుబొమ్మలు చేస్తే అదే ఇప్పుడు లోకమంతా వచ్చి చూసే పండుగైంది. ఆ ఊళ్లలో చలి దేవుడిచ్చింది. చలి లేని చోట నాలుగు గోడల మధ్య ఐసుశిల్పాలు నిలబెట్టడమే అసలైన సాహసం.

అమెరికాలోని టెక్సస్ మన తెలంగాణలాగే ఎండల దేశం. డాలస్ పక్కన గ్రేప్‌వైన్ ఊళ్లో గేలార్డ్ టెక్సన్ అనే పెద్ద హోటల్ ఉంది. అది తెరిచిందీ 2004లోనే. క్రిస్మస్ రోజుల్లో అక్కడ ఐస్ అనే ప్రదర్శన పెడతారు. హార్బిన్ నుంచి వచ్చిన శిల్పులు 20 లక్షల పౌండ్లకు పైగా, అంటే 900 టన్నుల పైచిలుకు ఐసును చెక్కి కథల్లోని బొమ్మలను నిలబెడతారు. లోపల ఉష్ణోగ్రత మైనస్ 13 దగ్గర ఉంచుతారు. వచ్చినవాళ్లకు నీలం రంగు కోట్లు ఇస్తారు. ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లానోల్లో స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాల ఫోన్లలో ఆ నీలం కోటు ఫొటో ఒకటి దొరుకుతుంది. కూతురి కాన్పుకని వెళ్లిన అత్తమ్మలూ పిన్నమ్మలూ చీర మీద ఆ కోటు తొడుక్కుని నవ్వుతూ ఉంటారు.

అంత చలిలో కూడా శిల్పాలు శాశ్వతం కావు. సున్నా కింద ఐసు కరగదు, నిజమే. కానీ గాలి తగిలితే నీరు కాకుండానే నేరుగా ఆవిరైపోతుంది. ముక్కు కొనలు, వేళ్ల కొనలు రోజురోజుకూ మొద్దుబారతాయి.

ఇప్పుడు మళ్లీ మన వీధికి వద్దాం. మంచు ఇల్లు చూసి వచ్చిన ఏ తల్లిదండ్రులనూ నేను తప్పుపట్టను. పిల్లలు మంచు చూడాలంటే అందరూ కశ్మీరుకో డాలస్‌కో పోలేరు. ఒక హాలు వేడి హైదరాబాద్‌ను ముంచెయ్యదు. అయితే గడిచిన ఇరవై ఏళ్లలో మా గన్‌ఫౌండ్రీ, అబిడ్స్, నాంపల్లి సందుల్లో గోడగోడకూ ఏసీ పెట్టెలు వచ్చాయి. ప్రతి ఒక్కటీ తన గదిలోని వేడిని తీసి సందులోకి వదులుతోంది. ఆ సందులో ఎవరుంటారు? ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి అమ్మేవాడు. నాంపల్లి స్టేషన్ ముందు సవారీ కోసం కాచుకున్న ఆటోవాడు. పెట్టెల కింద ఇస్త్రీ బండి పెట్టుకున్న మనిషి. మనం పారబోసిన వేడిని వాళ్లు ఒంటితో మోస్తున్నారు. చలికి డబ్బు కట్టేది ఒకరు, దాని బరువు మోసేది ఇంకొకరు.

మరి ఏసీలు తీసిపారేద్దామా? మా ఆవిడ ఒప్పుకోదు, నా వయసూ ఒప్పుకోదు. తీసి పారబోయాల్సిన వేడినే తగ్గించుకోవచ్చు కదా. అలహాబాద్ మూకుళ్లు గుర్తున్నాయా? వేడిని పొరుగువాడి మీదికి నెట్టకుండా ఆకాశంలోకి పంపిన విద్య అది. తెల్లటి డాబా చేసేదీ అదే పని. నల్లబడిన సిమెంటు డాబా ఎండనంతా తాగి రాత్రి పొద్దుపోయేదాకా ఇంట్లోకి వదులుతుంది. తెల్లగా సున్నమో, ఎండను తిప్పికొట్టే రంగో వేస్తే వచ్చిన ఎండలో ఎక్కువ భాగాన్ని వచ్చిన దారినే పంపించేస్తుంది. మన తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లటి పైకప్పుల విధానమే ప్రకటించింది. అయిదేళ్లలో రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులను అట్లా మార్చాలన్నది లక్ష్యం. అందులో 200 హైదరాబాద్‌లోనే.

స్నో వరల్డ్ నుంచి వచ్చిన తర్వాత మా అపార్ట్‌మెంటు మీటింగులో నేను సున్నం మాటెత్తాను. ఎప్పటిలాగే ముందు పార్కింగు గొడవ, తర్వాత వాచ్‌మన్ జీతం, చివరికి నా వంతు. "ఖర్చెంత సార్?" అని కార్యదర్శి అడిగాడు. కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఇంటికింత అని పంచుకుంటే, మేం ఆరుగురం మంచు చూసొచ్చిన ఖర్చులో సగం కూడా రాలేదు. అయినా ఇద్దరు నసిగారు. "సున్నం వానకు పోతది, మళ్లెందుకు?" అన్నారు. ప్రతి వేసవికీ పిల్లల్ని మంచుకు తీసుకుపోతున్నాం కదా, అట్లాగే ప్రతి వేసవికీ వేద్దాం అన్నాను. చేతులెత్తించారు. పని అయింది. పై అంతస్తువాళ్లు రాత్రి ఏసీ కాస్త ఆలస్యంగా వేస్తున్నామని చెబుతున్నారు.

శ్రోతలారా, ఈ సెలవుల్లో మీరూ పిల్లల్ని మంచు ఇంటికి తీసుకెళ్లండి. సాక్సులు మరిచిపోవద్దు. అంత చలి ఎక్కడినుంచి వచ్చిందని పిల్లలు అడిగితే, ఏసీ పెట్టె ముందు నిలబెట్టి వేడి ఎటు పోతోందో చూపించండి. ఆ తర్వాత మీ అపార్ట్‌మెంటు మీటింగులోనూ ఒకసారి సున్నం మాటెత్తండి. నసిగేవాళ్లు ఉంటారు, లెక్క కాగితం చేతిలో ఉంచుకోండి.